కంపెనీ కంటే ముందు పుట్టిన డిపో

చరిత్ర అంతా అబద్ధాలేనని ఈమధ్య ప్రతివాడూ నోటికొచ్చినట్టు అనేస్తున్నాడు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. అబద్ధపు చరిత్ర రాయడం ఎంత చాకిరీయో వీళ్లకేం తెలుసు? నేను రాశాను కాబట్టి చెబుతున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు రాశాను. మూడోసారి రాసింది చదవడానికి ఇంగ్లండు నుంచి ఒక దొర ఓడెక్కి వచ్చాడు. మీలో ఎవరి రాతకైనా అంత మర్యాద జరిగిందేమో చెప్పండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. కర్నూలులో ఒక ఇంగ్లీషు దారాల కంపెనీ డిపోలో గుమాస్తాను. గుడ్డ నేసే దారం కాదు, కుట్టు దారం. కట్టె రీలుకు చుట్టి, రీలు తలమీద గుండ్రటి కాగితం బిళ్ల అంటించి, డజన్ల లెక్కన అట్టపెట్టెల్లో పంపేవాళ్లు. మిల్లు ఇంగ్లండు ఉత్తరాన ఎప్పుడూ వాన కురిసే ఏదో ఊళ్లో ఉందట. పెద్దాఫీసు మద్రాసులో. అక్కణ్ణించి రైల్లో వచ్చిన సరుకును పత్తికొండ, ఆలూరు, నంద్యాల దర్జీల దాకా అందించడం మా పని. దొరలు దేశం వదిలి ఏళ్లు గడిచినా వాళ్ల దారం వదల్లేదు. ఖద్దరు చొక్కా తొడుక్కుని ఉపన్యాసం ఇచ్చేవాడి గుండీలు ఊడకుండా పట్టుకున్నది కూడా ఇంగ్లీషు దారమే. దీని మీద నేను ఒక పత్రికకు ఘాటుగా ఉత్తరం రాశాను. వాళ్లు వేయలేదు. వేసుంటే నా ఉద్యోగం ఊడేదన్న సంగతి తర్వాత తట్టింది.

బడిలో నేను ఐదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు నేర్చుకున్నది సరుకు పెట్టెల మీద రాతలు చూసీ, సంతలో కొన్న ఒక చిరిగిన నిఘంటువు చూసీ. అందులో ఎస్ అక్షరం తర్వాత పేజీలు లేవు. నిజం అన్న మాట ఇంగ్లీషులో ఏ అక్షరంతో మొదలవుతుందో తెలిసినవాళ్లు ఇక్కడ నవ్వుకోవచ్చు.

డిపోలో మేం ముగ్గురం. మేనేజరు మద్రాసు మనిషి. మే నెలలో కూడా కోటు విప్పడు. తనను కర్నూలుకు పంపడం ఏ జన్మలో పాపమో అని రోజుకొకసారైనా అంటాడు. రెండోవాణ్ణి నేను. మూడో ఆయన ప్యాకరు, ముసలి సాయిబు. అందరూ మామా అని పిలిచేవాళ్లు, నేనూ అంతే. నన్ను ఆయన అబ్బీ అనేవాడు. పాతూళ్లో తాతల నాటినుంచీ వాళ్లది దర్జీ ఇల్లు. చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేని రోజు వచ్చాక, దారం అమ్మేచోటికి వచ్చి పెట్టెలు కట్టే పనిలో చేరాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. డిపో వెనక వరండాలోనే వంట, అక్కడే పడక.

కర్నూలు రాజధాని అయిన కొత్త అది. ఆఫీసులన్నీ గుడారాల్లో, ఆఫీసర్లు సత్రాల్లో. గొడ్లచావిడికి సున్నం కొట్టి, ఇది బంగళా అని అద్దెకిస్తున్న రోజులు. మా డిపో ఇంటి యజమాని పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడి, కసాయివాడు మేకను చూసినట్టు మమ్మల్ని చూసి పోయేవాడు.

అలాంటప్పుడు మద్రాసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, కర్నూలు, కడప డిపోలు రెండూ అనవసరం, ఒకటి మూసేస్తారు. రెండు, వచ్చే ఏడాదికి కంపెనీకి వందేళ్లు నిండుతాయి, దొరలు కంపెనీ చరిత్ర పుస్తకంగా అచ్చువేస్తున్నారు, ప్రతి డిపో తన పుట్టుపూర్వోత్తరాలు రాసి పంపాలి.

ఈ రెండింటికీ సంబంధం ఉందని ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముడి వేసింది మా మేనేజరు. కళ్లద్దాలు తుడుచుకుని, ఏ డిపో పాతదైతే దాన్ని ఉంచుతారు, ఇందుకే అడుగుతున్నారు అని తేల్చేశాడు. అంత చదువుకున్నవాడు చెప్పాడని నేనూ నమ్మాను. డిపో పోతే ఆయనకు బదిలీ. నాకూ మామకూ ఇంటిదారి. నాకు ఇంట్లో అమ్మ, భార్య, ఆరునెలల పాప. మామకు ఇంటిదారి పట్టడానికి ఇల్లు కూడా లేదు.

డిపో అసలు వయసు పంతొమ్మిదేళ్లు. మేనేజరు ఎంత రాద్దామన్నాడు. నలభై అన్నాను. కాస్త బిడియపడుతూనే అన్నాను, మొదటిసారి కదా.

పదిహేను రోజులకు మద్రాసు గుమాస్తా జవాబు వచ్చింది. కడప డిపోవారు తమది యాభై అయిదేళ్లదని రాశారు, మీరు మరొకసారి సరిచూసుకుని తెలియజేయవలెను. ఆ గుమాస్తా అమాయకుడో, మమ్మల్ని పందెం కోళ్లలా ఎగదోస్తున్న గడుసువాడో నాకు ఈనాటికీ తెలియదు. మేనేజరు మాత్రం ఉత్తరం నా ముందుకు తోసి, సరిగ్గా చూడవయ్యా అన్నాడు. చూశాను. డెబ్బై కనిపించాయి. ఉత్త అంకె రాస్తే ఎవరు నమ్ముతారని, కలరా వచ్చిన ఏడు ఒక డాక్టరుకు గాయాలు కుట్టడానికి మా డిపో దారం ఇచ్చిందని కూడా కలిపాను. కలరాకు గాయాలుండవన్న సంగతి ఉత్తరం టపాలో పడ్డాక గుర్తొచ్చింది.

కడపవాళ్లు ఎనభై అయిదు అన్నారు. పైగా, ఒక తెల్ల కలెక్టరు గుర్రం మీదనుంచి పడి ప్యాంటు చిరిగితే, కమలాపురం దగ్గర చెట్టు చాటున ఆయన్ను నిలబెట్టి, కడప డిపో మనిషి కుట్టి ఇచ్చాడని రాశారు. ఆ సంగతి మద్రాసు గుమాస్తా మాకు పూర్తిగా ఎత్తి రాశాడు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఎవడు వీడు? ప్యాంటు చిరిగిన కలెక్టరు వాడికి తట్టి నాకెందుకు తట్టలేదు?

మూడోసారి నేను నూట పదకొండు అని రాశాను. వంద అంటే అల్లినట్టుంటుంది, పైన పదకొండుంటే వెతికి పట్టుకున్నట్టుంటుంది. కర్నూలు నవాబు షేర్వానీ మా దారంతోనే కుట్టారని రాద్దామని చేయి దురద పెట్టింది. కానీ లెక్కవేస్తే అప్పటికే కుంపిణీవాళ్లు నవాబును గద్దె దింపేశారు. అందుకని మానుకున్నాను. చరిత్ర అంటే నాకు అంత గౌరవం ఉండేది. మేనేజరు చదవకుండానే సంతకం పెట్టాడు.

కంపెనీ వయసు వందేళ్లని మొదటి ఉత్తరంలోనే ఉంది. మేనేజరు చదివాడు, నేనూ చదివాను. వందేళ్ల తల్లికి నూట పదకొండేళ్ల బిడ్డ ఎట్లా పుట్టిందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మా కళ్లన్నీ కడప మీదనే ఉండేవి.

నెల రోజులు సద్దు లేదు. తర్వాత వచ్చిన ఉత్తరంలో, చరిత్ర రాసే దొరగారు స్వయంగా కడపా కర్నూలూ చూడ్డానికి వస్తున్నారని ఉంది. అడుగున మద్రాసు గుమాస్తా తన చేత్తో ఒక ముక్క రాశాడు: దొరగారు ఓడ దిగగానే మీ ఉత్తరం చదివి, మళ్లీ మొదటినుంచీ చదివారు.

సాక్ష్యం కావాలి. నేను ఒక పాత తలుపు చెక్క సంపాదించి, దాని మీద ఇంగ్లీషులో డిపో పేరూ, పైన కంపెనీ గుర్తూ రంగులతో రాయించాను. కంపెనీ గుర్తు అంటే ఓడ మీద నిలబడ్డ సింహం, రోజూ రీళ్ల మీద చూసేదే. తర్వాత దానికి కరక్కాయ కషాయం పట్టించి, పొగ పెట్టి, పన్నెండు రోజులు పేడగుంటలో పూడ్చాను. తవ్వి తీసిననాడు మామ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏమబ్బీ, ఇది పాతదైనట్ల లేదు. జబ్బు చేసినట్లుండాది."

"దొరకు ఏం తెలుస్తుంది మామా."

"దొరకు ముక్కు గూడా లేదంటావా?"

రెండు సీసాల అత్తరు పోశాను. అప్పుడు అది పెళ్లికి తయారైన పేడగుంటలా ఉంది.

దొర ముందు కడపలో దిగి, అక్కణ్ణించి రైలు మారి మా ఊరికి వచ్చాడు. పొడుగాటి మనిషి, ఎండకు ముక్కు తోలు ఊడిపోయి ఉంది. మేనేజరు దండ వేశాడు. దొర వెనక చంకలో గొడుగు, బుగ్గన వక్కాకుతో, నాకంటే పదేళ్లు పెద్దవాడు ఒకాయన దిగాడు. పొట్టిమనిషి. సాక్ష్యం కోసం దొర ఎక్కడికి పోతే అక్కడికి తానూ వస్తానని కడప నుంచి వెంటబడ్డాడట. నన్ను ఎగాదిగా చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నువ్వేనా నూట పదకొండు?"

అప్పటికి అర్థమైంది. నెలల తరబడి నేను పళ్లు నూరింది ఈయన మీదనే, కడప డిపో గుమాస్తా. "నువ్వు ఎనభై అయిదా?" అన్నాను.

"ఎనభై అయిదు పాత మాట. నీ అంకె నాకూ పంపినారు గదా మద్రాసాయప్ప. మొన్ననే దొర చేతికి నూట పన్నెండు ఇచ్చినా."

కొట్టాలనిపించింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ కుదరక ఆయన గొడుగు తీసుకుని మోశాను.

డిపోలో దొర కుర్చీలో కూర్చుని నా చెక్క వైపు చూశాడు. ఒకసారి తుమ్మాడు. లేచి దగ్గరికి పోయి మళ్లీ తుమ్మాడు. సింహం మీద వేలు పెట్టి, ఇక నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుని, కళ్లనీళ్లు తుడుచుకుని నవ్వాడు. ఆయన నెమ్మదిగా చెప్పిందేమిటంటే, ఆ సింహమూ ఓడా పాతికేళ్ల కిందట రెండు మిల్లులు కలిసినప్పుడు కొత్తగా గీయించిన గుర్తట. సింహం ఒక మిల్లుది, ఓడ ఇంకొక మిల్లుది. ఆ బొమ్మ తనకంటే చాలా చిన్నదని, అది పుట్టిన రోజు తనకు బాగా గుర్తుందని అన్నాడు.

తర్వాత నవ్వు ఆపి, నా మూడో ఉత్తరం జేబులోంచి తీశాడు. ఇందులో ఒక్క ముక్కైనా జరిగిందా అని అడిగాడు. గద్దించలేదు. గద్దించి ఉంటే బాగుండేది. మేనేజరు ఇంటి కప్పులో దూలాలు లెక్కపెడుతున్నాడు. నేను చెక్కను గోడవైపు తిప్పి పెట్టాను. దొర తన నోటుపుస్తకం మూసి, కలానికి మూత పెట్టాడు.  పాపకు పాలెట్లా అన్న ఆలోచన మొదట ఆ క్షణంలోనే వచ్చింది.

అంతవరకూ వాకిట్లో పెట్టెకు తాడు బిగిస్తున్న మామ లోపలికి వచ్చాడు. దొర ఏం అడుగుతున్నాడని నన్ను అడిగాడు. మనం ఎప్పటినుంచీ ఉన్నామో రుజువు కావాలంట అన్నాను.

"సరిగ్గా అడుగబ్బీ. దొరకు డిపో ఎప్పటిదో కావాల్నా, దారం ఎప్పటిదో కావాల్నా?"

నేను ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో అడిగాను. దొర కలం మూత మళ్లీ తీశాడు.

కోట బురుజు దాటి, తుంగభద్ర వైపు దిగే ఒక సందులో పీర్ల చావిడి ఉంది. పండగ పది రోజులు తప్ప పీర్లు పెట్టెలోనే ఉంటాయి కాబట్టి అది అప్పుడు ఉత్త గది. తాళంచెవి మామ మొలతాడుకే ఉండేది. పీర్లకు చుట్టే పట్టుగుడ్డలను దట్టీలంటారు. ఆ వీధి పీర్ల దట్టీలు కుట్టేది మామ వాళ్ల ఇంటివాళ్లే. ఏటా దానికోసం ఎవరూ ముట్టని కొత్త రీలు విప్పాలి. కుట్టగా మిగిలిన దారం మనుషుల గుడ్డలకు వాడకూడదు. అందుకని మిగిలిన దారంతోనే రీలును ఒక తాడుకు గుచ్చి, చావిడిలో వేలాడదీస్తారు. ముత్తాత గుచ్చాడు, తాత గుచ్చాడు, అయ్య గుచ్చాడు, చూపు పోయినా మామ తడుముకుంటూ గుచ్చుతున్నాడు.

దొర బూట్లు విప్పి, ద్వారబంధానికి తల తగిలించుకుని లోపలికి వచ్చాడు. పైన దూలం నుంచి దూలానికి, మాలలాగా, రీళ్లు. కొన్నిటికి పచ్చ దారం, కొన్నిటికి ఎరుపు. ఊదు పొగకు అన్నీ నల్లబడి ఉన్నాయి. మామ నిచ్చెన వేసి తాడు ఒక కొస దించాడు. దొర జేబుగుడ్డతో ఒక రీలు తల తుడిచాడు. సింహమూ ఓడా. ఇంకో నాలుగు. సింహమూ ఓడా. తర్వాత కాగితం బిళ్లే లేని రీళ్లు కొన్ని. యుద్ధంలో కాగితం కరువని చెప్పాడు. ఇంకా వెనక్కి పోతే ఓడ లేదు, ఒంటి సింహం. ఇంకా వెనక్కి పోతే సింహం సన్నబడింది, పిల్లిలాగా ఉంది. దొర గొంతు తగ్గిపోయింది. ఒక్కో బిళ్ల దగ్గరా ఏదో ఒక మాట అంటున్నాడు, మాతో కాదు, రీలుతో. మిల్లు కాలిపోయిన ఏడు, సమ్మె జరిగిన ఏడు, ఇట్లా. వాళ్ల కంపెనీ చరిత్ర కోసం నాలుగు దేశాలు తిరిగినవాడికి అది వరసగా, ఏడాదికొకటిగా, ఈ సందులో దొరికింది.

మొత్తం లెక్కపెట్టాడు. తొంభై ఏడు. తొంభై ఏడేళ్లు అని రాసుకోబోతుంటే, కడపాయన నా పక్కటెముకల్లో మోచేత్తో పొడిచాడు.

"పీర్ల పండగ ఏటా పది దినాలు ముందుకొస్తాది గదప్పా. తొంభై ఏడు పండగలంటే తొంభై నాలుగేండ్లే, మూడు తగ్గించమని చెప్పు."

"నీకేం పోయె? ఉండనీ."

"అబద్ధం మనం రాయొచ్చు. పీరు రాయగూడదు."

నూట పన్నెండు రాసిన నోటినుంచి వచ్చిన మాట అది. చెప్పాను. దొర మూడు తగ్గించాడు.

అన్నిటికంటే చివరి రీలు, అంటే మొట్టమొదటి రీలు, చేతిలోకి తీసుకున్నప్పుడు దొర నేలమీద కూర్చుండిపోయాడు. దాని మీద సింహం లేదు, పిల్లీ లేదు. హంస ఉంది. వాళ్ల ఊళ్లోనే పక్కన ఉండిన ఇంకొక మిల్లట అది. ఈ కంపెనీ దాన్ని కొని, నోరు మూయించి, గోడలు కూడా మిగల్చలేదట. దాని బిళ్ల ఒక్కటి కూడా ఇంగ్లండులో దొరకలేదని, బొమ్మ ఎట్లా ఉండేదో చూసినవాళ్లే లేరని అన్నాడు. ఆ ఒక్క రీలూ తనకు ఇస్తారా అని అడిగాడు. కర్నూలు డిపో గురించి తాను పెద్దాఫీసులో ఒక మాట చెబుతానని కూడా అన్నాడు.

మేనేజరుకు ప్రాణం లేచి వచ్చింది. ఇచ్చెయ్యమనండి అని నా చెవిలో ఒకటే పోరు. నేను మామ చేయి పట్టుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, బతిమాలాను. ఒక్క కట్టెముక్క మామా, తొంభై ఆరు ఉంటాయి కదా, పీరు లెక్కపెడతాడా, నా బిడ్డ మొహం చూడు, నీకు మాత్రం ఆ వరండా తప్ప ఏముంది, అన్నాను.

మామ నా మాట పూర్తిగా విన్నాడు.

"నా నౌకరీ కావాలంటే ఇచ్చేస్తా అబ్బీ. ఆ వరండా గూడా ఇచ్చేస్తా. అవి నావి. ఇది నాది కాదే."

దొర నా వైపు చూశాడు. ఒక్క క్షణం, తప్పు అర్థం చెప్పి రీలు ఇప్పించేద్దామా అనుకున్నాను. నూట పదకొండు రాసిన చేతికి అదొక లెక్కా? కానీ పక్కన కడపాయన వక్కాకు నమలడం ఆపి చూస్తున్నాడు. ఆయన ముందు తప్పు చెప్పి దొరికిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. మామ మాటే చెప్పాను. దొర తల ఊపి, రీలును తానే మళ్లీ తాడుకు కట్టి, కెమెరాతో బొమ్మలు తీసుకుని, సాయంత్రం బండికి కడపాయనను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

నెల తిరగకుండా కర్నూలు డిపో మూసేస్తున్నట్టు ఉత్తరం వచ్చింది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆ ఉత్తరం వచ్చినప్పటినుంచీ నేను మామతో మాట్లాడలేదు. ఆయన పెట్టెలు కట్టేవాడు, నేను మొహం తిప్పుకునేవాణ్ణి. పదిహేడు రోజులు. కట్టెముక్క పట్టుకుని నా కూడు చెడగొట్టాడని ఇంట్లో కూడా అన్నాను. అమ్మ వింది. నీ నాలిక్కి ఎముక లేదురా అని లేచి పోయింది.

సామాను అప్పగింత తీసుకోవడానికి వచ్చింది ఎవరనుకున్నారు? గొడుగుతో, వక్కాకుతో, నూట పన్నెండు. ఆయన్ను కడప డిపోకు ఇన్‌చార్జిని చేశారట. నేను మొహం మాడ్చుకుని, మొత్తానికి నీ అంకె గెలిచిందిలే అన్నాను. ఆయన నోట్లో తాంబూలం బయటికి పడేటట్టు నవ్వాడు.

"పిచ్చోనివప్పా నువ్వు. అంకె గాదు, మట్టి గాదు. దొర రాకముందే మా గోడౌనుకు సున్నం కొట్టిస్తా ఉండ్రి. ఎందుకో మాకూ తెల్లేదు. ఈడ రాజధాని వచ్చి అద్దెలు మండిపోతాండాయంట, ఆడ చవకంట. అంతే."

అంటే మేం నెలల తరబడి కలరా డాక్టర్నీ, ప్యాంటు చిరిగిన కలెక్టర్నీ పుట్టిస్తున్నప్పుడే, మద్రాసులో పని ముగిసిపోయింది. మామ రీలు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. నేను వరండాలోకి పోయి మామ దగ్గర నిలబడ్డాను.  ఆయన తాడు కొస నాకిచ్చి, గట్టిగా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ముడి వేశాడు. మా మధ్య క్షమాపణ అంతే జరిగింది.

కడపాయన పట్టీ రాయడానికి కూర్చున్నాడు. పెద్దాఫీసు ఆజ్ఞ ఏమిటంటే, డిపోలోని సమస్తమైన సామానూ కడప చేరాలి, ఒక్క వస్తువు తగ్గినా కడప ఇన్‌చార్జిదే బాధ్యత. ఉద్యోగుల సంగతి వేరే కాగితం. అందులో మేనేజరుకు మద్రాసు బదిలీ ఉంది. కడపలో ఒక గుమాస్తా కావాలని కడపాయన ముందే అడిగి పెట్టుకున్నాడు కాబట్టి నా పేరూ ఉంది. నూట పదకొండు రాసిన చెయ్యి వృథా పోగూడదు గదప్పా అన్నాడు. మామ పేరు లేదు.

ఆయన పట్టీ రాస్తుంటే నేను చూస్తున్నాను. తక్కెడ ఒకటి. నిచ్చెన ఒకటి. బల్లలు రెండు, ఒకటి కుంటిది. చెక్క ఒకటి, వాసన గలది. ఆ కింద, అదే కలంతో, అదే వరసలో రాశాడు: ప్యాకరు ఒకటి, పాతది, వాడుకలో ఉన్నది.

ఇదేమిటన్నాను.

"సామాను. ఒక్కటి తగ్గినా నా మెడకే సుట్టుకుంటాది. యాడ ఇడిసిపెట్టేది?"

మేనేజరు చదవకుండా సంతకం పెట్టాడు. జీవితంలో ఆయన చేసిన మంచిపని అదొక్కటే, అది కూడా తెలియక చేశాడు. మద్రాసువాళ్లు ఆ పట్టీని ముద్రవేసి ఖాయం చేశారు. తర్వాత ఏ ఏడు తనిఖీ జరిగినా, తక్కెడా నిచ్చెనా చూసి, మామ ముందు ఆగి, ఉన్నాడని గుర్తు పెట్టుకుని పోయేవాళ్లు. మామకు ఈ సంగతి చెబితే కోపం వస్తుందనుకున్నాను. ఆయన అడిగింది ఒకటే, సామానుకు పీర్ల పండగ సెలవు ఉంటుందా అని. ఉంటుందని కడపాయన రాసిచ్చాడు. లారీలో పెట్టెల మీద కూర్చుని మామ కడపకు వచ్చాడు. తర్వాత పన్నెండు పండగలకు కొత్త రీలు జేబులో వేసుకుని కర్నూలు పోయి గుచ్చివచ్చాడు. పదమూడో పండగకు ఆ రీలు నేను తీసుకుపోవలసి వచ్చింది.

కడపకు వెళ్లిన రెండో ఏడు కంపెనీ చరిత్ర పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, బంగారు అంచు. వందేళ్ల పండగకు వేసిన ఆ పుస్తకం మొదటి పేజీలోనే, మా కంపెనీ వేళ్లు నిజానికి నూట ఇరవై ఏళ్ల లోతున ఉన్నాయని ఉంది. ఎట్లా అంటే, వాళ్లు మింగిన హంస మిల్లు అంతకుముందు ఇరవై ఏళ్లనాడు పుట్టిందట, మింగినదాని వయసు కూడా మింగినవాడిదేనట. ముసలి మేకను మింగితే కొండచిలువకు గడ్డం వస్తుందా? మేం పదకొండేళ్లు పెంచితే చెక్క వాసన చూసి నవ్వారు. వాళ్లు ఇరవై పెంచి బంగారు అంచు వేసుకున్నారు.

అంతకంటే నా రక్తం ఉడికించింది నడిమి పేజీలో బొమ్మ. చావిడిలో తొంభై ఏడు రీళ్ల దండ, నిచ్చెన మీద మామ చేయి. కింద అచ్చక్షరాల్లో, కడపలో మా దారం అని ఉంది.

పుస్తకం తీసుకుని కడపాయన బల్ల మీద కొట్టాను. ఆరోజు బండిలో దొర పక్కన కూర్చుని ఊరి పేర్ల అక్షరాలు చెప్పింది నువ్వే కదా అన్నాను. ఆయన కాదనలేదు. వక్కాకు మడుచుకుంటూ, తలుపవతల పెట్టె కడుతున్న మామను గడ్డంతో చూపించాడు.

"మనిషిని తెచ్చుకుంటిమి. మనిషి ఎనకాల చరిత్ర రాకుండా ఉంటాదా అప్పా?"

ఆయన ఉన్నంతకాలం ఆ సంగతి మీద మేం వారానికొకసారి పోట్లాడుకున్నాం. ఆయన పోయాక, ఆ బొమ్మ కింద ఊరి పేరు సరిచేయమని నేను ఇంగ్లండుకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి, మీ అభిమానానికి కృతజ్ఞతలు అని కార్డు వచ్చింది. రెండోదానికి ఏమీ రాలేదు. మూడోది ముద్రలు పడి తిరిగి వచ్చింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదట, ఇంకేదో పెద్ద కంపెనీ దాన్ని కొని మింగేసిందట. ఆ మింగినవాళ్లు కూడా ఇవాళో రేపో చరిత్ర రాసుకోక మానరు. మామ చేయి ఉన్న బొమ్మ వాళ్లకూ దొరుకుతుంది. కింద ఈసారి బళ్ళారి అని వేసినా నేను ఆశ్చర్యపోను. ఉత్తరం మాత్రం రాస్తాను.